పెట్టె మారినా పాట మిగలాలి

పోయినేడాది బతుకమ్మ పండక్కి ముందు మాట. ఇల్లు దులుపుతుంటే అటక మీద, పాత పెళ్ళి ఆల్బమ్ కింద ఒక సి.డి. కనిపించింది. పైన నీలం స్కెచ్ పెన్నుతో 'అమ్మ పాటలు - 2007' అని మా వారి దస్తూరి. చీపురు చేతిలో పట్టుకుని స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాను.

ఆ పాటల సంగతి ముందు కొంచెం చెప్పాలి.

మా అత్తమ్మది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. చదివింది అయిదో తరగతి. కానీ ఆమె నోట్లో ఉన్నన్ని పాటలు నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. బతుకమ్మ పాటలు, పెళ్ళికూతుర్ని చేసేటప్పటి పాటలు, అప్పగింతల పాటలు, నాట్ల పాటలు, విసుర్రాయి పాటలు, ఉయ్యాల పాటలు... చంపాపేట్‌కి కాపురం మారాక, "ఊళ్ళె అయితే నలుగురం కలిసి పాడుకుంటుంటిమి. ఈడ ఎవరికి యాదుంటయి?" అనుకుని మూడు పొడుగు నోటుపుస్తకాల నిండా ఇంకు పెన్నుతో రాసి పెట్టుకుంది. నేను ఈ ఇంటికి కోడలిగా రావడానికి ఏడాది ముందు మా వారు వాటిని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డి.టి.పి. సెంటరుకి తీసుకెళ్ళి టైపు చేయించారు. చిన్న పుస్తకం వేయించి చుట్టాలందరికీ పంచాలని తల్లీకొడుకుల ముచ్చట. ప్రెస్సువాళ్ళు చెప్పిన లెక్క విన్నాక ఆ ముచ్చట కాస్తా 'వచ్చే ఏడు చూద్దాం'లో పడింది. మధ్యతరగతి ఇళ్ళల్లో ఆ 'వచ్చే ఏడు' ఎప్పుడొస్తుందో మీకు తెలియనిది కాదు!

2020 అక్టోబరులో హైదరాబాదుని ముంచెత్తిన వానలు గుర్తున్నాయా? మా వైపు కాలనీల్లోకి రాత్రికి రాత్రి నీళ్ళొచ్చేశాయి. మేం బియ్యం బస్తా ఎత్తిపెట్టాం. గ్యాస్ సిలిండరు, పిల్లల సర్టిఫికెట్లు ఎత్తిపెట్టాం. బీరువా కింది అరలో ఉన్న నోటుపుస్తకాలు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్ళు తీశాక అత్తమ్మ ఒక్కో కాగితాన్నీ విడదీసి డాబా మీద ఆరేసింది. కాగితాలు ఆరాయి. అక్షరాలు నీలం మరకలై మిగిలాయి.

"పోనీతియ్యి బిడ్డా, నేనున్న కద. మళ్ళ చెప్త, నువ్వు రాసుకో" అంది.

కథలు రాసుకునే కోడలిని కదా, "సరే అత్తమ్మా, పండగ కానీ" అన్నాను. ఆమె చెబుతుంటే అయిదు పాటలు రాసుకున్నాను కూడా. తర్వాత పిల్లల చదువులు, ఇంటి పని, నా కథలు... ఆరో పాటకి తీరిక దొరకలేదు. మరుసటి ఏడాది అత్తమ్మ వెళ్ళిపోయింది. ఆ తీరిక మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

అందుకే ఆ సి.డి. చూసి అలా కూర్చుండిపోయాను.

సి.డి. ఉంది, పాటలు లేవు!

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సి.డి. పెట్టుకునే చోటే ఉండటం లేదు. చైతన్యపురిలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి వెళ్తే, పాత డ్రైవు ఒకటి వెతికి తగిలించాడు. లోపల 41 ఫైళ్ళు. గీతలు పడి రెండు తెరుచుకోలేదు. తక్కిన 39 పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఇంటికొచ్చి ఆత్రంగా ఒకటి తెరిచానండీ... అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు, నెత్తిన చుక్కలున్న ఏవేవో అచ్చులు! అందులో తెలుగు అక్షరం ఒక్కటంటే ఒక్కటి లేదు.

దిల్‌సుఖ్‌నగర్ పరుగెత్తాను. అప్పటి డి.టి.పి. సెంటరు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఇంకో సెంటరాయన ఫైలు చూసి పెదవి విరిచాడు. "ఇది ఏదో పాత ఫాంటమ్మా. ఆ సాఫ్ట్‌వేర్ మా దగ్గర లేదు. మళ్ళీ టైపు చేయించుకోండి" అన్నాడు.

"దేన్ని చూసి చెయ్యమంటారు?" అన్నాను. ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

మా వారు "పాతది పట్టుకుని ఎందుకు బాధపడతావు?" అన్నారు. ఆయన బాధ దాచుకోవడానికి అన్న మాట అది. నేనేం మాట్లాడలేదు.

ఆదివారం మా ఆడపడుచు కూతురు వచ్చింది. ఇంజనీరింగు చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. ఎల్.బి.నగర్ దాకా మెట్రోలో వచ్చి అక్కణ్ణుంచి ఆటోలో దిగుతుంది. అమ్మమ్మ పెంపకంలో పెరిగిన పిల్ల. ఫైలు చూపించగానే దగ్గరికి లాక్కుంది. అయిదు నిమిషాలు చూసి, "పాటలు ఎటూ పోలేదత్తా. ఇందులోనే ఉన్నయి. తాళంచెవే పోయింది" అంది.

నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని, టీ పెట్టుకొచ్చాను.

ఎవరి పోపుల డబ్బా వారిది

ఆ పిల్ల చెప్పినదాన్ని నాకు అర్థమైన తీరులో చెబుతాను.

నా పోపుల డబ్బాలో మూడో గిన్నెలో పసుపు ఉంటుంది. మీ డబ్బాలో ఆ గిన్నెలో కారం ఉండొచ్చు. వంట కాగితం మీద 'మూడో గిన్నెలోది చెంచాడు' అని మాత్రమే రాసి ఉంటే, ఎవరి డబ్బా ముందుంటే దాన్ని బట్టి కూర మారిపోతుంది. పాత తెలుగు ఫాంట్ల పద్ధతి సరిగ్గా ఇదే. ఒక ఫాంటులో 256 గళ్ళు. మొదటి సగం ఇంగ్లీషుకి పోగా మిగిలినవి, అవి చాలకపోతే ఇంగ్లీషు గళ్ళు కూడా వాడుకుని తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా సర్దేవారు. ఏ కంపెనీ సర్దుడు ఆ కంపెనీదే. ఫైల్లో ఉండేది గడి నంబరు ఒక్కటే. ఆ ఫాంటు ఉంటే తెలుగు కనిపిస్తుంది, లేకపోతే గజిబిజి.

దీనికి విరుగుడు యూనికోడ్. ప్రపంచం మొత్తానికి ఒకే పోపుల డబ్బా అన్నమాట! 1991లో వచ్చిన మొదటి ప్రతిలోనే మన తెలుగుకి 128 గళ్ళు కేటాయించారు. అందులో అక్షరం చూడటానికి ఎలా ఉంటుందన్నది కాదు, అది ఏ అక్షరమన్నదే లెక్క. 'అమ్మ' అంటే అ, మ, ఒక పొల్లు, మళ్ళీ మ. మొత్తం నాలుగు. 'స్త్రీ' అనే మాట మనకి ఒక్క అక్షరంలా కనిపిస్తుందా? లోపల ఆరుంటాయి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. స్త్రీ అంటే అంత సులువుగా తేలే వ్యవహారమా మరి!

ఇప్పుడు మీ సెల్‌ఫోన్లో కనిపించే తెలుగంతా యూనికోడే. అందుకే మీరు వరంగల్ నుంచి పంపిన మెసేజీ అమెరికాలో మీ చెల్లెలి ఫోన్లో కూడా తెలుగులోనే కనిపిస్తుంది.

అయితే పాత ఫైలుని యూనికోడ్‌లోకి మార్చడం గడికి గడి మార్చినంత తేలిక కాదు. ఫాంటులో 'అమ్మ' అంటే అ బొమ్మ, మ బొమ్మ, కింద మ ఒత్తు బొమ్మ. కొన్ని ఫాంట్లలో క్రావడి ముక్క అక్షరం కన్నా ముందే వచ్చి కూర్చుంటుంది. ఈ ముక్కలన్నిటినీ పోగుచేసి, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి సర్ది అక్షరం కట్టాలి. విరిగిన గాజు ముక్కల్ని చూసి గాజు సైజు చెప్పడంలాంటి పని.

పద్మ, లేఖిని

ఈ చిక్కు మా ఒక్క ఇంటిది కాదు. ఇంటర్నెట్టు వచ్చిన కొత్తలో మన తెలుగు పత్రికల వెబ్‌సైట్లు కూడా ఎవరి ఫాంటు వారివే పెట్టుకున్నాయి. ఒక పత్రిక చదవాలంటే ఆ పత్రిక ఫాంటు మన కంప్యూటర్లోకి దించుకోవాలి. ఆ రోజుల్లో నాగార్జున వెన్న అనే తెలుగాయన 'పద్మ' అనే ఉపకరణం రాశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకి దాన్ని తగిలించుకుంటే, సొంత ఫాంట్లలో ఉన్న పేజీల్ని అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. తెలుగే కాదు, తమిళం, మలయాళం లాంటి భాషలకి కూడా.

2006లో వీవెన్ ఆ పద్మ కోడ్ ఆధారంగా 'లేఖిని' తయారుచేశారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంటే పక్కన తెలుగు వచ్చేస్తుంది. అలా రాసే పద్ధతికి ఆర్.టి.ఎస్. అని పేరు. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించింది. నా మొదటి కథ నేను కంప్యూటర్లో కొట్టుకున్నది లేఖినిలోనే! అది ఇంతమంది చేతులు మారి నా దాకా వచ్చిందని మాత్రం మొన్నమొన్నటి దాకా తెలియదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. వీవెన్ మొదటినుంచీ అన్నీ తిరిగి రాసుకోలేదు. పద్మలో ఉన్న పనితనాన్ని తీసుకుని ఇంకో చోట నిలబెట్టారు. అలా తీసుకోగలగడానికి కారణం ఆ కోడ్ అందరికీ తెరిచి ఉండటం. దాన్నే ఓపెన్ సోర్స్ అంటారు. ఒకసారి రాసి పెట్టి, ఎవరి ప్రోగ్రాములో వారు వాడుకునేలా ఉంచిన కోడ్‌ని 'లైబ్రరీ' అంటారు. మనం ఆవకాయ పాళ్ళు పక్కింటావిడకి చెప్పినట్టే. కాకపోతే ఇందులో కొన్నిటికి ఒక షరతు ఉంటుంది. 1989లో వచ్చిన జి.పి.ఎల్. అనే లైసెన్సు ప్రకారం, నువ్వు పాళ్ళు మార్చి ఆ ఆవకాయ నలుగురికీ పంచితే, మార్చిన పాళ్ళు కూడా చెప్పి తీరాలి. ఎంత న్యాయమైన షరతో చూడండి!

పుట్టింటి నుంచి అత్తింటికి

"మరి పద్మని తగిలించేసుకుంటే మన ఫైళ్ళు కూడా తెరుచుకుంటాయి కదా?" అన్నాను ఉత్సాహంగా.

"లేదత్తా" అంది మా పిల్ల. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు, పాత పద్ధతిలో రాసిన తగిలింపులన్నీ పనిచేయడం మానేశాయట. పద్మ పుట్టింది ఆ పాత పద్ధతిలోనే. పైగా అది బ్రౌజరులో కనిపించే పేజీని మార్చడానికి రాసింది. మనకి కావాల్సింది మడతపెట్టిన ఫైళ్ళు 39 ఒక్కసారే మార్చడం. ఇంకా పెద్ద చిక్కు, మన ఫాంటు ఆ పట్టికల్లో లేదు.

"అయితే?"

"అక్షరాలు కూర్చే యంత్రం దాంట్ల ఉన్నది. దాన్ని బయటకి తీసి నోడ్‌కి మారుస్త. పట్టిక మనం తయారు చేసుకుందాం" అంది.

నోడ్ అంటే ఏమిటో చెప్పాలి. బ్రౌజరులో నడిచే భాష జావాస్క్రిప్ట్. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఆయన దాని మొదటి రూపాన్ని పది రోజుల్లో రాశాడు. చాలా ఏళ్ళు అది ఎక్కువగా బ్రౌజరు నాలుగు గోడల మధ్యే బతికింది. 2009లో రయన్ డాల్ అనే ఆయన, గూగుల్ క్రోమ్ బ్రౌజరు లోపల ఉండే 'వి8' అనే యంత్రాన్ని బయటికి తెచ్చి, జావాస్క్రిప్ట్ నేరుగా కంప్యూటరు మీదే నడిచే ఏర్పాటు చేశాడు. అదే నోడ్.జె.ఎస్. విండోస్ అయినా, లినక్స్ అయినా, మాక్ అయినా ఒకే కోడ్ నడుస్తుంది. ఇలా కోడ్‌ని నడిపించే ఏర్పాటుని రన్‌టైమ్ అంటారు.

'భాష అదే కదా, తీసుకెళ్ళి అక్కడ పెట్టేస్తే చాలు' అనుకున్నాను నేను. పెళ్ళయి వచ్చిన కొత్తలో నా గురించి మా అమ్మ కూడా ఇలాగే అనుకుంది. 'భాష అదే కదా, హైదరాబాదేగా' అని! వచ్చాక తెలిసింది, ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా అడిగి తెలుసుకోవాలని.

బ్రౌజరులో పుట్టిన కోడ్‌కి కొన్ని పుట్టింటి అలవాట్లు ఉంటాయి. పిలవగానే 'విండో' పలుకుతుందని, 'డాక్యుమెంట్' ఎదురుగా ఉంటుందని నమ్ముతుంది. నోడ్‌లో ఆ రెండూ లేవు. పేజీయే లేనప్పుడు పేజీలో అక్షరాలెక్కడ? అందుకని మా పిల్ల ముందు కోడ్‌ని రెండుగా విడదీసింది. అక్షరాలు మార్చే భాగం ఒకటి, పేజీ మీద చూపించే భాగం ఒకటి. మొదటిది తీసుకుంది, రెండోది వదిలేసింది. తరలింపులో సగం పని ఏది వెంట తీసుకెళ్ళాలో, ఏది అక్కడే వదలాలో తేల్చుకోవడమేనట. ఇల్లు మారిన ఏ ఆడదానికి తెలియదు ఈ సంగతి!

రెండోది, పాత కోడ్‌లో ఫైళ్ళన్నీ ఉమ్మడి వాకిట్లో ఉన్నట్టు ఉండేవి. ఒకరి వస్తువు ఇంకొకరు అడక్కుండానే వాడుకునేవారు. నోడ్‌లో ఒక్కో ఫైలూ ఒక్కో ఫ్లాటు. లోపలివి బయటికి ఇవ్వాలంటే ఇస్తున్నట్టు రాయాలి, కావాలంటే ఫలానా ఇంటి నుంచి కావాలని అడగాలి. మా చంపాపేట్‌లో పెంకుటిళ్ళు పోయి అపార్టుమెంట్లు వచ్చినప్పుడు మేం నేర్చుకున్న మర్యాదలే ఇవి.

మూడోది మరీ చిన్నది. ఆ పిల్ల ల్యాప్‌టాప్ లినక్స్‌ది, మా వారిది విండోస్. ఒక వరస అయిపోయి కింది వరసకి రావడానికి విండోస్ ఫైళ్ళు రెండు గుర్తులు పెడతాయి, లినక్స్ ఒక్కటే పెడుతుంది. దాన్ని లెక్కచూసుకోకపోతే ప్రతి చరణం చివరా ఒక కనిపించని చెత్త మిగిలిపోతుంది. అన్ని యంత్రాల మీదా నడుస్తుందంటే అన్ని యంత్రాలూ ఒకటేనని అర్థం కాదన్నమాట.

ఒత్తులన్నీ రాలిపోయాయి

పట్టిక తయారీలో నాకూ పని పడింది. ఏ గుర్తు ఏ ముక్కో తెలియాలంటే, గజిబిజిలో ఉన్న ఒక పాట అసలు రూపం తెలిసి ఉండాలి. అత్తమ్మ చెబుతుంటే నేను రాసుకున్న ఆ అయిదు పాటలు! వాటిలో నాలుగు ఈ ఫైళ్ళల్లో కూడా ఉన్నాయి. పాటలో పల్లవి మాటిమాటికీ వస్తుంది కాబట్టి, గజిబిజిలో కూడా ఒకే వరస మాటిమాటికీ కనిపిస్తుంది. అలా పట్టుకున్నాం. నేను పాట చదివేదాన్ని, అది గుర్తులు చూసేది. మూడు ఆదివారాలు మా భోజనాల బల్ల మీద కంచాల బదులు కాగితాలే!

నాలుగో ఆదివారం మొదటిసారి నడిపించింది. తెర మీద తెలుగు అక్షరాలు! నేను సంతోషంతో మా వారిని కేకేశాను. ఆయన వచ్చి చదివి, "ఇదేం తెలుగు?" అన్నారు. చూస్తే 'బిడ్డ' కాస్తా 'బిడ' అయింది. 'అక్క' పోయి 'అక' వచ్చింది. 'పువ్వు' ఉండాల్సిన చోట 'పువు'. అక్షరాలన్నీ ఉన్నాయి, ఒత్తుల్లో చాలామటుకు రాలిపోయాయి.

మా పిల్ల మొహం చిన్నబోయింది. పట్టిక మళ్ళీ మళ్ళీ చూసుకుంది. పట్టిక సరిగ్గానే ఉంది. అర్ధరాత్రి దాటాక దొరికింది తప్పు. అది తరలింపులో వచ్చిన తప్పు.

ఆ 256 గళ్ళలో 128 నుంచి 159 దాకా 32 గళ్ళ ముక్క ఒకటుంది. విండోస్ పద్ధతిలో వాటిలో 27 గళ్ళకి గుర్తులున్నాయి, అయిదు ఖాళీ. ఇలాంటి ఫాంట్ల పేజీల్ని బ్రౌజరు సాధారణంగా ఆ విండోస్ పద్ధతిలోనే చదువుతుంది. పాత కోడ్‌లోని పట్టికలన్నీ ఆ లెక్క మీదే రాసినవి, మేమూ అలాగే రాశాం. నోడ్‌లో ఫైలు చదివేటప్పుడు మా పిల్ల 'లాటిన్-1' అనే పద్ధతి చెప్పింది. ఆ రెండూ చాలావరకు ఒకటే, ఆ 32 గళ్ళ దగ్గర మాత్రం వేరు. మా ఫాంటు తయారుచేసినవాళ్ళు చాలా ఒత్తుల్ని సరిగ్గా ఆ గళ్ళల్లోనే సర్దారు! దాంతో అవి ఎవరికీ చెందని గుర్తులై నిశ్శబ్దంగా జారిపోయాయి. కంప్యూటరు తప్పని ఒక్క మాట కూడా చెప్పలేదు. మొరాయించే తప్పు కన్నా మౌనంగా ఉండే తప్పు ప్రమాదమని ఆ రాత్రి నాకు తెలిసొచ్చింది.

చదివే పద్ధతి ఒక్కటి మార్చింది. 'బిడ' మళ్ళీ 'బిడ్డ' అయింది.

ఆ తర్వాత మా పిల్ల ఒక మంచి పని చేసింది. సరిగ్గా వచ్చిందని నేను చదివి ఒప్పుకున్న చరణాలన్నిటినీ ఒక పక్కన పెట్టింది. కోడ్‌లో ఏ చిన్న మార్పు చేసినా, ఆ చరణాలన్నీ మళ్ళీ సరిగ్గా వస్తున్నాయో లేదో కంప్యూటరే చూసుకునేలా రాసింది. ఇలాంటి పరీక్షలు నడిపే ఏర్పాటు 2022లో వచ్చిన నోడ్ 18 నుంచి లోపలే ఉంటుందట. వాయి మొత్తం వెయ్యకముందు ఒక్క గారె వేసి చూసుకుంటాం కదా, అలాగన్నమాట.

"ఇంకెవరైనా రాసిపెట్టిన లైబ్రరీలు ఉంటాయిగా, అవి కూడా తెచ్చుకోకపోయావా?" అని అడిగాను. నోడ్ వాడేవాళ్ళు పంచుకునే కోడ్ మూటలు లక్షల్లో ఉన్నాయి మరి. అది నవ్వి ఒక కథ చెప్పింది. 2016 మార్చిలో ఒకాయన తన మూటలన్నీ వెనక్కి తీసేసుకున్నాడు. వాటిలో 'లెఫ్ట్‌ప్యాడ్' అనేది పట్టుమని 11 వరసల కోడ్. మాట ముందు ఖాళీలు చేర్చడమే దాని పని. దాని మీద ఆధారపడ్డవాటి మీద ఇంకెన్నో ఆధారపడి ఉండటంతో, ప్రపంచమంతా ఎందరి పనులో కొన్ని గంటలు ఆగిపోయాయి. అప్పు తేవడం తప్పు కాదు, కానీ చెంచాడు పంచదార కూడా అప్పు తెచ్చే ఇల్లు నిలవదు. నిజంగా కావాల్సిందే తేవాలి, తెచ్చింది ఎవరిదో రాసి పెట్టుకోవాలి.

బండి ఱ

చివరికి ఒక్క గుర్తు మిగిలిపోయింది. 39 ఫైళ్ళల్లోనూ రెండేసార్లు వచ్చింది. అదీ నాకు రాని పాటలో. ముందూ వెనకా చూస్తే 'క' ఉంది, 'వు' ఉంది. మధ్యలోది ఏమిటో తేలలేదు. 'కలువు'? 'కడువు'? ఏదీ అర్థం కుదరలేదు.

నీళ్ళలో తడిసి ఉబ్బిన ఆ నోటుపుస్తకాలు నేను పారెయ్యలేదు. బయటికి తీసి, ఒక్కో మరకా కిటికీ వెలుతురుకి పెట్టి చూశాను. ఒక పేజీ అంచున ఇంకు పూర్తిగా కరగలేదు. అక్కడ కనిపించింది, గుండ్రంగా, ముద్దుగా, బండి ఱ! కఱువు. ఊళ్ళో కఱువొచ్చిన ఏడు అన్నదమ్ముల ఇంటికి వెళ్ళలేకపోయిన ఆడబిడ్డ పాట అది. అయిదో తరగతి చదివిన మా అత్తమ్మ తన పంతులు నేర్పిన ఆ అక్షరాన్ని వదల్లేదు. ఆమె రాసింది రాసినట్టే కొట్టిన ఆ డి.టి.పి. ఆపరేటరు ఎవరో కానీ, చేతులెత్తి నమస్కరించాలనిపించింది.

ఆ గడి కూడా నింపాం. 39 పాటలూ వచ్చాయి. తెరుచుకోని ఆ రెండు ఫైళ్ళు మాత్రం పోయినట్టే. ఇంకొకటి కూడా పోయింది. రాగం! అది ఏ పట్టికలోనూ లేదు, ఏ యంత్రమూ తిరిగి ఇవ్వదు. అందుకని సద్దుల బతుకమ్మ నాడు మా కాలనీ పెద్దావిడల్ని కూర్చోబెట్టి, ఫోన్లో పాటలు చూపించి పాడమన్నాను. పద్దెనిమిదింటికి రాగాలు దొరికాయి. అన్నీ రికార్డు చేసుకున్నాను. ఈసారి 'పండగ కానీ' అనలేదు.

పట్టికని, మార్చిన కోడ్‌ని మా పిల్ల అందరికీ తెరిచి పెట్టింది, ముందువాళ్ళ పేర్లు చెరపకుండా. మా వారికి కొంచెం సందేహం వచ్చింది. "కోడ్ సరే, పాటలు కూడా పెడితే ఎవరైనా పుస్తకం వేసుకుని అమ్ముకుంటే?" అన్నారు. ఊరికి ఫోన్ చేసి అత్తమ్మ చెల్లెల్ని అడిగాం. "అవి మా అక్క కట్టినయా, నేను కట్టిననా? మా అవ్వలు పాడంగ నేర్చినం. పాడుకునేటోళ్ళకు ఇయ్యిండ్రి" అంది ఆ పెద్దావిడ. ఓపెన్ సోర్స్ గురించి అంతకన్నా బాగా ఎవరు చెబుతారు!

మీ ఇంట్లో కూడా ఉన్నాయేమో చూడండి

నాన్నగారి పద్యాలో, అమ్మ వంటల పుస్తకమో, మీ మొదటి కథలో... పాత సి.డి.ల్లో పడి ఉన్నాయేమో వెతకండి. సి.డి.లు కలకాలం ఉండవు కాబట్టి ముందు వాటిని ఇంకో రెండు చోట్లకి ఎక్కించండి. ఫైలు గజిబిజిగా కనిపిస్తే పారెయ్యకండి. ఏ ఫాంటులో కొట్టించారో గుర్తుంటే పేరు రాసి పెట్టండి. అసలు కాగితం ఒక్క పేజీ దొరికినా దాచండి, అదే తాళంచెవి కావచ్చు. మార్చాక పాత ఫైలు తీసెయ్యకండి, తప్పు తర్వాత బయటపడవచ్చు. మార్చినదాన్ని తెలుగు బాగా వచ్చినవాళ్ళు ఒక్కసారైనా పూర్తిగా చదవాలి. ఒత్తులు, క్రావళ్ళు, బండి ఱ మీద ఒక కన్నేసి ఉంచండి. ఇక మీదట ఏది కొట్టించినా యూనికోడ్‌లోనే ఇమ్మని అడగండి. అడగడానికి మొహమాటపడకండి, అది మన సొత్తు.

నోటి నుంచి నోటుపుస్తకానికి, అక్కణ్ణుంచి సి.డి.కి, సి.డి. నుంచి ఫోనుకి... మా అత్తమ్మ పాటలు ఇన్ని ఇళ్ళు మారాయి. రేపు ఈ ఫోన్లూ పోతాయి, నోడ్ కూడా పాతబడుతుంది. అప్పుడు ఇంకో ఆడపిల్ల ఇంకో పెట్టెలోకి మార్చుకోవాలి. ఆ పిల్లకి తాళంచెవి దొరికేలా పెట్టడం వరకే మన పని.

అన్నట్టు, ఈ ఏడాది మా మేనకోడలు కఱువు పాట నేర్చుకుంటానంది. రాగం తెలియదుగా అంటే, "నువ్వు పాడత్తా, తప్పైనా సరే" అంది. రోజూ సాయంత్రం పొయ్యి దగ్గర కూనిరాగం తీస్తున్నాను. నిన్న మా వారు గుమ్మంలో ఆగి విని, "రెండో చరణం అమ్మ ఇంకాస్త కిందికి దింపేది" అన్నారు.

ఆయనకి ఆ పాట వచ్చని పదిహేడేళ్ళ కాపురంలో నాకు తెలియదు!